ఎనిమిది గంటల పరీక్ష

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు చెంత ఉండే ఉద్యోగి ఒకరు కంప్యూటర్ నెట్‌వర్క్ నిపుణులకు సిస్కో సంస్థ ఇచ్చే సి.సి.ఐ.ఇ. పట్టాకు పూనుకున్నారనుకుందాం. చదువు ఇంటివద్దనే సాగుతుంది. ప్రయోగ పరీక్షకు మాత్రం బెంగుళూరు వంటి నగరానికి పోక తప్పదు.

ఈ పట్టా 1993లో మొదలైంది. తొలి సంఖ్య 1024ను మనిషికి గాక ప్రయోగశాలకే ఇచ్చారు! ఒకప్పుడు రెండు రోజులు సాగిన పరీక్ష 2001లో ఒక్కరోజుకు కుదిరింది. ఇప్పుడు మూడు గంటలు రూపకల్పన, ఐదు గంటలు నిర్మాణం, మరమ్మతు. రూపకల్పనలో ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనుదిరిగే వీలు లేదు.

తప్పినవారికి అందేవి విభాగాలవారీ శాతాలే. ఏ ఆదేశం వద్ద పొరబడ్డారో ఎవరూ చెప్పరు. అసలు బాధ అదే. పలుమార్లు తప్పడం ఈ రంగంలో వింత కాదు గాని, చదివిన పుటలే తిరగవేయడం వల్ల ఒరిగేది స్వల్పం. బలహీనమని తేలిన భాగాన్ని ఇంటి కంప్యూటర్‌లో నమూనాగా నిర్మించి, కావాలని చెడగొట్టి, గడియారం ఎదుట ఉంచుకొని బాగుచేయాలి. నడిరాత్రి స్తంభించిన బ్యాంకు నెట్‌వర్క్ సైతం తన లోపమెక్కడో చెప్పదు గదా!

ఆపైన కనీసం నెల రోజులు ఆగి, రుసుము మళ్లీ కట్టి, తెలీబంధా అభ్యర్థి మరల రైలెక్కాలి.