పేట ర్యాప్‌కు దక్కని పేరు

1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమా పాటల్లో ఏది గొప్పదని మార్కాపురంలో అడిగినా, మద్రాసులో అడిగినా ముందు వచ్చే జవాబు 'ఓ చెలియా'. దాని తమిళ మాతృక ఉన్నికృష్ణన్‌కు జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది కాబట్టి ఆ జవాబును ఎవరూ తప్పుపట్టరు. రెండో జవాబు 'ముక్కాలా ముకాబులా'. అది కూడా పాట కోసం కాదు, ఒళ్లు మాయమై ఒంటిమీది వేషం మాత్రమే ఆడే ప్రభుదేవా డాన్సు కోసం. 'పేట ర్యాప్' పేరు ఎత్తేవాళ్లు తక్కువ. ఎత్తినా నవ్వుతూ ఎత్తుతారు, వడివేలు కామెడీ ఖాతాలో జమకట్టేసి. నాకు మాత్రం ఆ క్యాసెట్‌లో అన్నిటికంటే కొత్త సంగతి ఆ పాటే అనిపిస్తుంది. దానికి 'ఊర్వశి'ని కూడా జతచేసి వింటే, అమెరికా నల్లజాతి వీధుల్లో పుట్టిన హిప్ హాప్‌ను, దానికి తల్లివేరైన ఫంక్‌ను మన చిన్న ఊళ్లదాకా మోసుకొచ్చిన ఆల్బమ్ ఇదేనని తెలుస్తుంది. కోట్లమంది విన్నారు, ఆడారు. ఆ పేరుతో గుర్తించినవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఫంక్ అంటే ఏమిటో తెలియాలంటే జేమ్స్ బ్రౌన్ దగ్గరికి వెళ్లాలి. 1967లో ఆయన 'కోల్డ్ స్వెట్' వచ్చేనాటికి పాట నడక మారిపోయింది. బాణీ ఎక్కడికీ పరుగెత్తదు. తాళావర్తంలో మొదటి దెబ్బ మీద బరువంతా పడుతుంది, ఆ తర్వాత గిటార్, బూరలు, బేస్ అన్నీ డ్రమ్ముల్లాగే పనిచేస్తాయి. ఒకే చిన్న పలుకు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే విసుగు రావాల్సింది పోయి ఒళ్లు కదలడం మొదలవుతుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రాడు ఒక విందులో రికార్డులు వేశాడు. పాట మధ్యలో గొంతులు ఆగిపోయి డ్రమ్ములు, బేస్ మాత్రమే మిగిలే చోటు వచ్చినప్పుడే జనం ఎక్కువగా ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పి సాగదీసే పద్ధతి అతనిదే. ఆ సాగిన దరువు మీద మాటలు పడితే ర్యాప్. 1979లో 'ర్యాపర్స్ డిలైట్' మోగింది 'షిక్' బృందం వారి 'గుడ్ టైమ్స్' బేస్ వరస మీదే. 1990లో ఎం.సి. హ్యామర్ ప్రపంచమంతటినీ ఆడించిన పాట రిక్ జేమ్స్ ఫంక్ పాట మీద కట్టిందే. అంటే హిప్ హాప్‌లో ఫంక్ పైపూత కాదు, పునాది.

నల్లమల అంచున గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండనక్కరలేదు. గురువు ఒక పాదం అందిస్తాడు, బృందం దాన్నే అందుకుంటుంది. బాణీ పెద్దగా మారదు, మారేది అడుగూ వేగమూ. చెక్కల చప్పుడు మొదటి అడుగు మీద పడి మళ్లీ అక్కడికే వస్తుంది. గుండ్రంగా తిరిగే దరువును ఎంతసేపైనా భరించడమే కాదు, కోరుకునే చెవి మనకు ముందునుంచీ ఉంది. మన సినిమా పాట ఆ చెవికి చాలాకాలం పల్లవి, అనుపల్లవి, రెండు చరణాల మర్యాదే చూపించింది.

'ప్రేమికుడు'లో ఎ.ఆర్. రెహమాన్ ఆ మర్యాదను రెండు చోట్ల పక్కన పెట్టాడు. 'ఊర్వశి'లో బరువంతా దరువుదే. కింద బేస్ నడక ఆగదు, పైన గొంతులు పాటకూ మాటకూ మధ్య ఎక్కడో ఉంటాయి. తమిళంలో ఆ గొంతులు రెహమాన్, సురేష్ పీటర్స్, షాహుల్ హమీద్‌లవి. ముగ్గురిలో ఎవరూ శాస్త్రీయ గాత్రం చూపించే పనిలో లేరు. దరువులో తమ మాట ఎక్కడ పడాలో చూసుకోవడమే వాళ్ల పని. 'పేట ర్యాప్' ఇంకా ముందుకెళ్లింది. అందులో సురేష్ పీటర్స్ పాడటం దాదాపు మానేసి మాట్లాడతాడు. పేటలో రోజూ కనబడే వస్తువులు, వినబడే మాటలు అంత్యప్రాసతో వరసగా వచ్చిపడుతుంటాయి. కవిత్వం అనిపించుకోవాలన్న తాపత్రయం ఎక్కడా ఉండదు. తమిళంలో ఆ మాటలు కూర్చింది పేరున్న కవి కాదు, దర్శకుడు శంకరే. మధ్యలో తేని కుంజరమ్మ పల్లె గొంతు వచ్చి పడుతుంది. పాటకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. జానపద గొంతునూ యంత్రపు దరువునూ కలిపేటప్పుడు సాధారణంగా ఒకదాన్ని రెండోదానికి అలంకారం చేసేస్తారు. ఇక్కడ రెండూ సరిసమానంగా తగవు పడతాయి. పాత గొంతును కొత్త దరువు మీద కూర్చోబెట్టడమే హిప్ హాప్ చేసే పని. అమెరికావాళ్లు పాత రికార్డులోంచి ముక్క తీసుకుంటే, రెహమాన్ బతికున్న పల్లె గొంతునే మైకు ముందుకు తెచ్చాడు.

ఇది సినిమా ఆల్బమ్ కదా, 'ఓ చెలియా' లాంటి మెలోడీలున్న క్యాసెట్‌ను హిప్ హాప్ ఆల్బమ్ అనడం అతి కాదా అని అడగొచ్చు. ముక్కుసూటి లెక్కలో ఆ ప్రశ్న సరైనదే, మొత్తం ఆల్బమ్‌ను ఆ పేరుతో పిలవలేం. కానీ మన దగ్గర ఏ కొత్త సంగీతమైనా జనంలోకి వచ్చిన దారి సినిమాయే. బాబా సెహగల్ 1990ల మొదట్లో హిందీలో విడిగా ర్యాప్ ఆల్బమ్‌లు చేశాడు. టీవీ ఉన్న ఇళ్లలో అవి మోగాయి. కానీ మాట అర్థమై, నోటికొచ్చి, పెళ్లి ఊరేగింపు దాకా వచ్చింది సినిమా పాటే. 'ప్రేమికుడు'కు ముందు ఏడాది 'జెంటిల్‌మన్'లో 'చికు బుకు రైలే' దారి వేసింది. అందులోనూ సురేష్ పీటర్స్ గొంతే ఉందన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఇది డబ్బింగ్ కాబట్టి తెలుగువాళ్ల ఖాతాలో వేయొద్దన్న అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. తెలుగు పాటలు రాసిన రాజశ్రీని తలచుకుంటే అది కొంత తేలికవుతుంది. 'రోజా', 'జెంటిల్‌మన్' కూడా ఆయన చేతి మీదుగానే మనకు చేరాయి. మెలోడీలో అయితే ఒక అక్షరాన్ని సాగదీసి తప్పించుకోవచ్చు. ర్యాప్‌లో ఆ వీలు లేదు, ప్రతి హల్లూ ఒక దెబ్బ. తెర మీద పెదవులు తమిళం పలుకుతుంటే, దరువు చెడకుండా ప్రాస తప్పకుండా తెలుగు పడాలి. ఆ పనిని ఏ విమర్శకుడూ పనిగా లెక్కేయలేదు. ఫలితం ప్రతిచోటా బాగుందని అనను, కొన్ని చోట్ల మద్రాసు పేట వాసన తెలుగులో నిలబడలేదు. ఆడపిల్లల గురించి ఈ పాటల్లోని తేలిక మాటలు కొన్ని ఈనాడు చెవికి ఇబ్బందిగానే ఉంటాయి, అమెరికా హిప్ హాప్‌కు ఉన్న ఈ జబ్బు మనకూ అంటింది. అయినా దరువు మీద తెలుగు మాట నిలబడుతుందని రుజువైంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస అడక్కుండానే దొరుకుతుందని కూడా తెలిసింది.

మరి విలువ ఎందుకు దక్కలేదు? కొలిచిన కొలబద్ద వేరు కావడం వల్ల. సినిమాకు నాలుగు జాతీయ పురస్కారాలొచ్చాయి: గాయకుడికి, శబ్దగ్రహణానికి, కూర్పుకు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు. పాటను రాగంతో, సాహిత్యంతో కొలిచే అలవాటున్న చోట దరువును కొలిచే గిన్నే లేదు. బయటివాళ్ల దగ్గర ఆ గిన్నె ఉంది. 2014లో అమెరికన్ హిప్ హాప్ కళాకారుడు విల్.ఐ.యామ్ తన 'ఇట్స్ మై బర్త్‌డే' పాటను 'ఊర్వశి' మీదే కట్టుకున్నాడు. ఫంక్ నుంచి పుట్టిన సంగీతం మద్రాసు దాకా వచ్చి, ఇరవై ఏళ్ల తర్వాత తన పుట్టింటికే అప్పుగా వెళ్లిందన్నమాట. మన సమీక్షకులకు అది ఒక వినోద వార్త అయింది, అంతే.

ఇందులో పశ్చిమ ప్రకాశానికి ప్రత్యేకంగా పనికొచ్చే మాట ఒకటుంది. 'పేట ర్యాప్' ధైర్యమంతా తన పేట భాషను దాచుకోకపోవడంలో ఉంది. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న ప్రాంతాలు. ఇక్కడి మాటలో కోస్తా ఎంతో సీమ అంత. ఆ యాస సినిమా పాటలో వినబడటం అరుదు. ఇవాళ రోల్ రైడా, నోయెల్ లాంటివాళ్లు హైదరాబాదు తెలుగులో ర్యాప్‌కు చోటు సంపాదించారు. పలకల గనుల గురించి, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపు గురించి, పనులు వెతుక్కుంటూ పోయే వలసల గురించి ఈ యాసలోనే చెప్పడానికి ఇప్పుడు స్టూడియో కూడా అక్కర్లేదు, ఫోను చాలు. ఆ పనికి పూనుకునే కుర్రాళ్లు ముందు 'ప్రేమికుడు' మళ్లీ వినండి. బొమ్మ చూడకుండా, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, 'ఓ చెలియా' దాటవేసి, 'పేట ర్యాప్' నుంచి మొదలుపెట్టండి.