పాత ఫియట్ కారు – పెట్రోలు పంపు

మోటారు సైకిల్‌లో పెట్రోలు ట్యాంకు ఇంజనుకు పైన ఉంటుంది. కాబట్టి పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. కారులో అలా కుదరదు. ట్యాంకు వెనక డిక్కీ వైపు, ఇంజను ముందు. అంత దూరం నుంచి పెట్రోలును లాగి కార్బొరేటరుకు అందించేదే ఫ్యూయల్ పంపు. మా నాన్న చదువుకోలేదు, మెకానిక్ షెడ్డులో పని. నేను ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చేశాను. ఈ పంపు గురించి సగం ఆయన దగ్గర, సగం క్లాసులో నేర్చుకున్నాను. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడగగానే ఇదే గుర్తుకొచ్చింది.

ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలుపెట్టిన కారే తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. పేరు మారినా మన వైపు అందరికీ అది ఫియటే. ముంబయిలో ట్యాక్సీగా తిరిగిన చివరి పద్మినికి 2023 అక్టోబరులో గడువు తీరింది. సొంత బండ్లు మాత్రం ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. నాన్న దగ్గరికీ వస్తుంటాయి.

ఈ పంపుకు కరెంటు అక్కరలేదు. ఇంజనులోని కామ్‌షాఫ్ట్ తిరిగినప్పుడల్లా దాని ఉబ్బు పంపు ఆర్మ్‌ను నెడుతుంది. ఆర్మ్ లోపలి డయాఫ్రం అనే పలుచని పొరను కిందికి లాగుతుంది. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని పెట్రోలు లోపలికి వస్తుంది. ఆర్మ్ వదలగానే కింద ఉన్న స్ప్రింగు పొరను పైకి తోస్తుంది, రెండో వాల్వు గుండా పెట్రోలు కార్బొరేటరుకు వెళ్తుంది. కార్బొరేటరు నిండితే పొర కిందనే ఆగిపోతుంది, ఆర్మ్ ఉత్తినే ఊగుతుంది. ఎంత కావాలో అంతే! అందుకే గట్టి స్ప్రింగు వేస్తే ఎక్కువ లాగుతుందనుకోవడం పొరపాటు. కార్బొరేటరు పొంగుతుంది.

చెడిపోయేది ఎక్కువగా ఆ పొరే. చిరిగితే పెట్రోలు పంపు కింది రంధ్రం నుంచి కారుతుంది, లేదా ఇంజను ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నాన్న హాస్టల్‌కు చేతికి కట్టుతో వచ్చాడు. "వేడి నూనె పడిందిరా" అన్నాడు. అసలు సంగతి ఇంటర్‌లో తెలిసింది. ఎవరో పాత ట్యూబు ముక్క కత్తిరించి డయాఫ్రంగా వేసిన బండి అది. పెట్రోలు కారి ఉంది. స్టార్ట్ చేయగానే అంటుకుంది. ట్యూబు రబ్బరు పెట్రోలులో ఎందుకు పనికిరాదో ఎం.ఎస్సీ.లో అర్థమైంది. రెండూ హైడ్రోకార్బన్లే కనుక పెట్రోలు అణువులు రబ్బరులోకి దూరి దాన్ని ఉబ్బించి బలహీనం చేస్తాయి. అసలు డయాఫ్రం గుడ్డకు నైట్రైల్ రబ్బరు పూసి చేస్తారు. అందులోని నైట్రైల్ గ్రూపులు ధ్రువ స్వభావం గలవి, పెట్రోలును దూరనివ్వవు. కానీ ఇథనాల్ కూడా ధ్రువ స్వభావం గలదే. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కదా, పాత రబ్బరుకు అది పడదు. కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదేనా అని అడగాలి. పైపులూ మార్చాలి.

ఇక పని. ముందు బ్యాటరీ వైరు తీయాలి, దగ్గర్లో బీడీ ఉండకూడదు. పైపులు ఊడదీసి, ట్యాంకు వైపు పైపుకు బిరడా పెట్టి, నట్లు విప్పితే పంపు చేతికొస్తుంది. విప్పేముందు రెండు సగాల మీదుగా ఆకురాయితో గీత గీయాలి. లేకపోతే బిగించేటప్పుడు పైపులు అటూ ఇటూ అవుతాయి. వాల్వులను ఒక వైపు గాలి పోయి, రెండో వైపు పోకుండా ఉంటేనే వాడాలి.

చాలామంది తప్పు చేసేది కొత్త పొర వేశాక. స్క్రూలు వదులుగా పెట్టి, ఆర్మ్‌ను చివరిదాకా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురుగా బిగించాలి. నొక్కకుండా బిగిస్తే పొరకు కిందికి దిగే చోటు చాలక కొద్ది నెలల్లో చిరుగుతుంది. నొక్కి పట్టుకునే పని నాదే, సెలవుల్లో. వేళ్ళు తిమ్మిరెక్కేవి. పంపుకూ ఇంజనుకూ మధ్య మందపాటి ప్యాకింగ్ ఉంటుంది. అది పంపుకు వేడి తగలకుండా ఆపుతుంది, ఆర్మ్ ఎంత కదలాలో కూడా అదే నిర్ణయిస్తుంది. అంత మందమే వేయాలి. ఎండాకాలం పంపు మీద తడిగుడ్డ కప్పే డ్రైవర్లను చూసి మేము నవ్వేవాళ్ళం. పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైతే లాగదు కాబట్టి వాళ్ళు చేసేది సరైనదే.

పెట్రోలు కలిసిన ఆయిల్ పారబోసి కొత్తది పోశాకే ఇంజను స్టార్ట్ చేయాలి. నాన్న ఇప్పటికీ ఆ ఐదు నిమిషాలూ పంపు కింద తెల్ల కాగితం పట్టుకుని నిలబడతాడు, చుక్క పడుతుందేమోనని.