మా చేలో పండేది ఇదే అయ్యగారూ!

చీమకుర్తి దగ్గర ఒక చిన్న సంఘంలో కోతపండుగ ఆరాధనకు వాక్యం చెప్పడానికి వెళ్లాను. బల్ల ముందు బియ్యం బస్తాలు, ఎండుమిరపకాయలు, కందులు, గుమ్మడికాయలు, రెండు నాటుకోళ్లు ఉన్నాయి. చివరగా ఒక సోదరుడు వచ్చి, తువ్వాలులో చుట్టి తెచ్చిన నల్లరాతి ముక్కను వాటి పక్కన పెట్టాడు. పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైటు. వెనుక ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇప్పుడు మా చేలో పండేది ఇదే అయ్యగారూ" అన్నాడు. ఆయన తండ్రి మిరప వేసిన నేల మీద నేడు క్వారీ డంపు ఉంది. ఆయన పాలిషింగ్ ఫ్యాక్టరీలో రోజుకూలి.

ఆ రోజు నేను సిద్ధపడి వెళ్లిన భాగం ద్రాక్షతోట పనివారి ఉపమానం (మత్తయి 20:1–16). మన ప్రాంతంలో ద్రాక్షతోటలు లేవు. అయితే యూదయ కొండ పల్లెలకు ద్రాక్ష ఎలాంటిదో చీమకుర్తికి గ్రానైటు అలాంటిది. రెండూ ఆ నేలకు దేవుడిచ్చిన ఈవులే. నల్లని రాతిలో బంగారు చుక్కలు చల్లినట్లు మెరిసే ఈ రాయికి పుట్టినిల్లు చీమకుర్తి, రామతీర్థం పరిసరాలు. ఆ మెరుపు బ్రాంజైటు అనే ఖనిజానిది. వానను నమ్ముకుని పొగాకు, మిరప, కంది వేసుకున్న మెట్ట ఊళ్ల నుంచి ఈ రాయి చైనాకు, ఇటలీకి వెళ్లింది. లారీలు, క్రేన్లు, ఫ్యాక్టరీలు వచ్చాయి. ఒడిశా, బీహారు, రాజస్థాన్ నుంచి పనివాళ్లు వచ్చారు. ఇందుకు దేవునికి స్తోత్రం చెప్పాల్సిందే. కానీ తోట విరగకాసినంత మాత్రాన ఊరు బాగుపడినట్లేనా?

లేఖనం ఈ ప్రశ్నను సూటిగానే అడుగుతుంది. యెషయా 5వ అధ్యాయంలో దేవుడు తన ద్రాక్షతోటలో వెతికింది న్యాయం కోసం. ఆయనకు వినిపించింది బాధితుల మొర. ధర్మశాస్త్రం తోట యజమానికి మూడు మాటలు చెబుతుంది. మొదటిది, పొద్దు గుంకకముందే కూలివాడి కూలి ఇవ్వాలి (ద్వితీ. 24:15). రెండవది, తోటలో రాలిన పండ్లు ఏరుకోకుండా బీదలకూ పరదేశులకూ వదలాలి (లేవీ. 19:10). మూడవది, ఇల్లు కట్టినవాడు ఎవరూ పడిపోకుండా పైకప్పుకు పిట్టగోడ కట్టాలి. లేకపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుంది (ద్వితీ. 22:8).

ఈ మూడూ క్వారీ అంచున నిలబడి చదవవలసిన వాక్యాలు. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్లు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు చనిపోయారు. వారి తల్లులు ఏ భాషలో ఏడ్చినా దేవునికి అర్థమవుతుంది. వదిలేసిన గుంతకు కంచె, పనివాడి తలకు హెల్మెట్, ముక్కుకు మాస్కు నేటి పిట్టగోడలు. ఇక పరిగె మాట. గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ ఉండాలని 2015లో కేంద్రం చట్టం తెచ్చింది. తాగునీరు, వైద్యం, చదువు ఆ నిధిలో ముందు వరుస పనులు. మన ఊరి వంతు ఏమైందని నెమ్మదిగా, మర్యాదగా అడగడం విశ్వాసికి తగని పని కాదు.

మన సంఘాల పెద్దలు ఈ దారి ఎప్పుడో నడిచారు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. యౌవనంలో ఆయన సర్వేయరుగా పనిచేసినవారు. బోధకులే మేస్త్రీలై ఆకలితో వచ్చినవారికి పని, కూలి అందించారు. గింజల కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న పలుగు, పార, కూలి లెక్క మాత్రం మరిచిపోతాం.

నేనూ మరిచాను. ఆరాధన అయ్యాక ఆ సోదరుడు నన్ను పక్కకు పిలిచి, "మావాడు ఇంటర్ తప్పాడయ్యా. పదిహేడేళ్లు. క్వారీలో పెట్టమని మేస్త్రీ అడుగుతున్నాడు. ప్రార్థన చేయండి" అన్నాడు. తలమీద చేయి ఉంచి ప్రార్థించి బస్సెక్కాను. ఒంగోలు చేరేలోగా మనసు నన్ను నిలదీసింది. పద్దెనిమిది నిండనివాడిని గనిలో పెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఆ మాట కూడా చెప్పకుండా ఆమేన్ అని వచ్చేశానా?

మరుసటి వారం మళ్లీ వెళ్లాను. తండ్రితో, సంఘ పెద్దలతో కూర్చున్నాం. కోతపండుగ వేలంలో వచ్చిన డబ్బులోంచి పరీక్ష ఫీజు కట్టారు. అబ్బాయి మళ్లీ రాస్తున్నాడు. నవ్విన సోదరుడే సాయంత్రం లెక్కలు చెబుతున్నాడు.

ఉపమానంలోని యజమాని సంతవీధికి అయిదుసార్లు వెళ్లాడు. అది దేవుని కృపను గూర్చిన ఉపమానమని నాకు తెలుసు. కానీ ఆ కృపకు చూపు ఉంది. సాయంత్రం అయిదింటికీ ఎవరూ పిలవని మనిషిని అది చూసింది. అతని ఇంట్లోనూ పొయ్యి వెలగాలని పూర్తి దేనారం ఇచ్చింది.

ప్రియులారా, మీ సంఘంలో క్వారీ యజమాని ఉండవచ్చు, మేస్త్రీ ఉండవచ్చు. తెలుగు రాక వెనుక బల్లమీద మౌనంగా కూర్చున్న ఒడిశా కూలీ ఉండవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వెంటనే ఇంటికి బయల్దేరకండి. ఆ చివరి బల్ల దాకా నడవండి.