హెర్మిట్ క్రాబ్స్: కర్నూలు, కడప ఎండల్లో సన్యాసి పీతలు బతకాలంటే.. గాజు పెట్టె ఇలా ఉండాల్సిందే!

కుక్కలా వాకింగ్‌కు తీసుకెళ్లక్కర్లేదు.. మొరగదు, కరిచి గోల చేయదు. అందుకే హెర్మిట్ క్రాబ్, అంటే సన్యాసి పీత అనగానే 'పెద్దగా పని పెట్టని పెట్' అనుకుంటారు. ఆ మాట నిజమే. కానీ ఒక షరతు ఉంది. పెట్టెను మొదట్లోనే సరిగ్గా కట్టించాలి. లేదంటే కర్నూలు, కడప లాంటి పొడి ప్రాంతాల్లో అది ఎక్కువ రోజులు బతకదు.

అసలు సమస్య ఏంటంటే..

నేల మీద తిరిగే ఈ పీతలు ఊపిరి పీల్చేది మొప్పలతోనే. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. చుట్టూ గాలిలో తేమ 75 నుంచి 85 శాతం వరకు కావాలి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూ పడిపోవడం మామూలే. అలాంటి గాలిలో పీత ఒక్కసారిగా చనిపోదు.. రోజుల తరబడి ఊపిరాడక నీరసించిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం 'ఊరికే మూల కూర్చుంది' అనిపిస్తుంది.

మూతే ముఖ్యం

వైర్ కేజ్, జాలీ మూత అస్సలు పనికిరావు. తేమంతా గంటల్లో ఎగిరిపోతుంది. రెండు మూడు చిన్న పీతలకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు ఉన్న గాజు పెట్టె సరిపోతుంది. అక్వేరియం షాపులో చెప్తే చేసిస్తారు. మూత కూడా గాజుదే ఉండాలి, గట్టిగా మూసుకోవాలి. ఇవి పైకి పాకడంలో దిట్టలు.. సందు దొరికితే జారుకుంటాయి. మేత పెట్టేందుకు రోజూ మూత తీస్తాం కాబట్టి గాలికి లోటుండదు. లోపల ఇసుకకు దగ్గరగా ఒక డిజిటల్ తేమ మీటర్ పెట్టాలి. తేమ ఎంతుందో కంటితో అంచనా వేయలేం.

ఇసుక ఎంత? ఎలా?

అడుగున 20 సెంటీమీటర్ల ఇసుక పోయాలి. కడిగి, జల్లించిన సన్న ఇసుక ఐదు వంతులు, ఎరువు కలపని కోకోపీట్ ఒక వంతు. ఈ పెట్టెకు సుమారు 30 లీటర్ల ఇసుక, అంటే రెండు బకెట్లు పడుతుంది. ఉప్పునీటితో తడిపి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఇదంతా కలిపి బరువు 70 కిలోలు దాటొచ్చు. గోడ షెల్ఫ్ మీద కాకుండా కడప బండ వేసిన దిమ్మె మీదో, గట్టి ఇనుప స్టాండ్ మీదో పెట్టడం సేఫ్.

రెండు నీళ్ల గిన్నెలు

ఒకదాంట్లో మంచినీళ్లు, రెండో దాంట్లో ఉప్పునీళ్లు. ఇంట్లో వాడే అయోడైజ్డ్ ఉప్పు వేయకూడదు. అక్వేరియం షాపుల్లో దొరికే మెరైన్ సాల్ట్ మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లయితే ముందు యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. గిన్నెలో పీత మునిగేంత లోతుండాలి, ఎక్కి బయటకు రావడానికి గులకరాళ్లు వేయాలి. ఇంటి గుల్ల మార్చుకునేందుకు రంగు వేయని ఖాళీ గుల్లలు కొంచెం పెద్ద సైజుల్లో నాలుగైదు ఉంచాలి. కొన్ని సముద్ర గుల్లలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి ఏ రకమో అడిగి కొనాలి.

మే నెలలో ఎలా?

వీటికి 24 నుంచి 29 డిగ్రీలు హాయి. బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన గాజు పెట్టెపై ఎండ పడితే లోపల ఉడికిపోతాయి. అందుకే ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, కిటికీకి దూరంగా పెట్టాలి. కరెంటు పోయినప్పుడు పెట్టె బయటివైపు తడి గోనె సంచి కప్పితే కొంత ఉపశమనం. మన పొడిగాలే ఇక్కడ కలిసొస్తుంది.. తడి త్వరగా ఆరుతూ గాజును చల్లబరుస్తుంది. ఆ గదిలో దోమల స్ప్రే మాత్రం కొట్టొద్దు. పురుగుల్ని చంపే మందు పీతల్నీ చంపుతుంది.

కనిపించట్లేదని తవ్వొద్దు!

పీత పెరగాలంటే పాత చర్మం వదలాలి. అందుకోసం ఇసుకలోకి దూరి వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బయటకు రాదు. చనిపోయిందేమోనని తవ్వితే, మెత్తగా ఉన్న ఆ ఒళ్లు దెబ్బతిని నిజంగానే చనిపోవచ్చు. ఓపిక పట్టడమే వైద్యం.

తర్వాత పని ఎంత?

ఇంత చేశాక రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఉప్పు, కారం, నూనె తగలని పండ్ల ముక్కలు, పచ్చి కొబ్బరి, గుడ్డు పెంకు పొడి పెట్టాలి. మిగిలింది మర్నాడు తీసేయాలి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మీటర్ చూడాలి. అంతే.

కొనే ముందు ఒక్క మాట

బీచ్‌లో అలల అంచున కనిపించే పీతల్ని తెచ్చుకోవద్దు. వాటిలో చాలావరకు సముద్రపు నీళ్లలోనే బతికేవి. షాపుల్లో దొరికేవి కూడా ఎక్కువగా తీరంలో పట్టి తెచ్చినవే. అడవిలో ముప్పై ఏళ్లు బతకగల జీవి ఇది. పెట్టె ముందు సిద్ధం చేసి, వారం పాటు మీటర్‌లో తేమ నిలబడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే పీతను ఇంటికి తేవాలి. ఎండాకాలంలో గదిని 30 డిగ్రీల లోపు ఉంచలేమనుకుంటే.. వీడియోల్లో చూసి ఆనందించడమే దానికి మనం చేసే మేలు.