గర్జించు కారా, నిశ్శబ్దపు కారా?

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరమున ఫార్ములా-ఈ కార్ల పందెము జరిగినది. మన దేశమున విద్యుత్తు కార్లకు జరిగిన మొదటి ప్రపంచస్థాయి పందెమది. నాటి నుండి విద్యార్థుల మధ్య ఒక వాదము తెగకున్నది: ధనమున్నచో పెట్రోలు త్రాగి గర్జించు అమెరికా మజిల్ కారును కొనవలెనా, విద్యుత్తు స్పోర్ట్స్ కారునా? రెండింటిలో దేనినైనను కొనగలవారు మనలో లేరు. అయినను రేపు స్కూటరు కొనునప్పుడు సైతము లెక్క ఇదియే.

మధ్యతరహా కారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను అమర్చినచో అది మజిల్ కారు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ జాతికి పేరు వచ్చినది. 2016లో మన విపణికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌ను కొందరు ఈ కోవలో చేర్చరు. ఆ తగవు మనకేల? దాని అయిదు లీటర్ల ఇంజను టార్క్, అనగా త్రిప్పుబలము, గరిష్ఠముగా 515 న్యూటన్ మీటర్లు. అదియు నిమిషమునకు 4,250 చుట్లు తిరిగినప్పుడే. విద్యుత్తు మోటారుకు ఆ నిరీక్షణ లేదు. విద్యుత్తు ప్రవహించిన క్షణముననే, చక్రము నిశ్చలముగా ఉండగనే పూర్తిబలము లభించును. 2025లో మన దేశమున విడుదలైన ఎం.జి. సైబర్‌స్టర్ 3.2 సెకండ్లలో నూరు కిలోమీటర్ల వేగమందుకొనును. పైగా పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వేడిమిగా వృథాయగును. మోటారు తాను గ్రహించిన శక్తిలో పదింట తొమ్మిది వంతులను చలనముగా మార్చును.

చిక్కంతయు బ్యాటరీలో ఉన్నది. సైబర్‌స్టర్ బ్యాటరీలో పట్టునది 77 యూనిట్లు. అంత శక్తి తొమ్మిది లీటర్ల పెట్రోలులోనే కలదు! బ్యాటరీ బరువో, వందల కిలోలు. ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లే ఇచ్చును గనుక, నిండుటకు ఒక పగలు, ఒక రాత్రి చాలవు. గద్వాల నుండి హైదరాబాదుకు పోయి వచ్చుటకు దాదాపు 380 కిలోమీటర్లు. పరీక్షలో వచ్చిన 580 కిలోమీటర్లు వేసవి ఎండలో, జాతీయ రహదారి వేగమున రావు. ప్రయాణము సాగవచ్చును, కాని ఎర్రవల్లి చౌరస్తా దాటి వేగము పెంచినవాడు తిరుగుదారిలో కొత్తకోట నుండి మీటరు వంకనే చూడవలెను.

విద్యుత్తు కారుకు పొగ లేదనుట సగము సత్యము. మన జూరాలలో 234 మెగావాట్లు, శ్రీశైలము ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రములున్నవి. కృష్ణకు వరద వచ్చినప్పుడు అవి నిండుగా పనిచేయును. తక్కిన కాలమున ప్రధానాధారము బొగ్గే. ముడిచమురులోనైతే అయిదింట నాలుగు వంతులకు మించి పరదేశపు సరుకు.

నా ఎన్నిక విద్యుత్తు కారే. అయితే ఈ మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మెకానిక్ షెడ్లలో అంత సులభముగా అనలేను. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు అక్కడనే పనిచేయుచున్నారు. కార్బురేటరు, ప్లగ్గు, క్లచ్చు, ఆయిలు మార్పు: వారి రాబడి వీటిపైననే. మోటారులో ఇవేవియు లేవు. ఉన్నదల్లా వందల వోల్టుల విద్యుత్తు; శిక్షణ లేని చేయి తగిలినచో ప్రాణమే పోవును. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మల్టీమీటర్లున్నవి, సాయంకాలములు గది ఖాళీగనే ఉండును. షెడ్లలోని యువకులకు అక్కడ వారమునకు రెండు దినములు పాఠము చెప్పించు విషయమును కళాశాల కమిటీ పెద్దలు వచ్చు సమావేశమున చర్చింప ప్రార్థన.