కారుచెవి

పిల్లవాని చెవి కారుచున్నదన్న మన యిండ్లలో నెవ్వరును కలవరపడరు. ఎదిగినకొలది తగ్గునందురు, కాచిన నూనె పోయుదురు, ఆకుపసరు పిండుదురు. అడ్డతీగల మన్యమునందైనను, పట్టణమునందైనను ఈ వాడుక యొకటే. మేము మాత్రము దీనిని మెచ్చజాలము.

జలుబు ముక్కు వెనుకనున్న సన్నని నాళముద్వారా నడిమిచెవికి ప్రాకి చీముపట్టును; ఆ చీము కర్ణభేరిని చిల్లుచేసికొని వెలువడును. పోసిన నూనె యా చిల్లుగుండ లోనికి దిగునేగాని రోగము మాన్పదు. కొందరికి చీము చెవివెనుక యెముకను తినివేసి మెదడుదాక పోవును. సరిగా వినబడని బిడ్డను బడిలో మందమతి యనుట యింకొక యన్యాయము.

1958లో కాకినాడలో వెలసిన రంగరాయ వైద్యకళాశాలలోను, 1923 నాటి విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలోను చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యశాఖలు గలవు. సూక్ష్మదర్శినితో చూచుచు, చెవికి పైనున్న కండరముమీది పలుచని పొరను తీసి భేరికి మాసిక వేయుదురు. చీర చిరుగునకు ఆ చీర చెంగే! 1950 తరువాత జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ అను వైద్యులు చూపిన త్రోవ యిది.

కూలి మానుకొని కొండదిగి కాకినాడ చేరుట అడ్డతీగల తల్లికి సులభము కాదు. ఆ దినము వచ్చువరకు చెవిని పొడిగా నుంచుట యామె చేతిలోనిది. మెత్తని శుభ్రమైన గుడ్డవత్తితో చీము నద్దవలెను; స్నానమప్పుడు వాసిలీను పూసిన దూదియుండ నుంచవలెను; పుల్లలు, పిన్నులు దరిచేరనీయరాదు.