అమ్మ కజ్జికాయ, అమెరికా ఆపిల్ పై



పోయిన సంవత్సరం అక్టోబరు నెలలో ఒక ఆదివారం రాత్రి. సాయంకాలపు కూడిక ముగించుకుని ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాను. అమెరికాలో ఉంటున్న మా అక్క కూతురు ఫోను చేసింది. క్షేమ సమాచారాలు అయ్యాక, "మామయ్యా, అమ్మమ్మ కజ్జికాయలు ఎలా చేసేది? పిండిలో ఏమేమి కలిపేది?" అని అడిగింది.

నోరు తెరిచాను గాని మాట రాలేదు. నలభై ఏళ్లకు పైగా ప్రతి క్రిస్మస్‌కు ఆ కజ్జికాయలు తిన్నవాడిని. వేడివి తిన్నాను, డబ్బాలో అడుగున మిగిలిన పొడి కూడా దులుపుకుని తిన్నాను. కాని పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కటి చేసి ఎరుగను. డిసెంబరు నెల వచ్చిందంటే సేవకునికి కాలు ఇంట నిలవదు కదా! మా అక్కను అడిగితే, "పెళ్లయి వెళ్లాక అమ్మే డబ్బా నింపి పంపేది, నేనెన్నడూ చేయలేదు" అన్నదట. మా ఇంటావిడ, "పిండి తడపడం, లౌజు ఉడికించడం అత్తయ్యగారే చూసుకునేవారు. నాకు మడవడం ఒక్కటే తెలుసు" అంది.

అమ్మ ప్రభువునందు నిద్రించి అప్పటికి రెండేళ్లు. మా సంఘపు రిజిస్టరులో ఆమె బాప్తిస్మపు తేదీ ఉంది. వివాహపు తేదీ ఉంది. భూస్థాపన తేదీ నేనే నా చేతితో రాశాను. ఆమె చేతి కొలత మాత్రం ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి ఎందుకు అడిగింది?

మేనకోడలు ఆ ఊరికి కొత్తగా వెళ్లినప్పుడు, పక్కింటి ముసలి దొరసాని ఒకామె తలుపు తట్టి, గుడ్డ కప్పిన పళ్లెం చేతిలో పెట్టిందట. అందులో ఆపిల్ పై. మనం కొత్తగా వచ్చినవారికి పండో పాలో ఇచ్చి పలకరించినట్లే ఇదీ. తరువాత ఒక శనివారం తన వంటింటికి పిలిచి, పిండి జల్లించడం మొదలుకొని అంతా దగ్గరుండి నేర్పించిందట.

మేనకోడలు చెప్పిన పద్ధతి ఇది. మైదాలో గడ్డకట్టిన చల్లటి వెన్న చిన్న ముక్కలుగా వేసి, వ్రేళ్ల కొసలతో నలిపి, రెండు మూడు చెంచాల చన్నీళ్లు చిలకరించి ముద్ద చేస్తారు. ఎక్కువ పిసకకూడదు. ఆ ముద్దను గంటసేపు చల్లని చోట ఉంచి, రెండు రొట్టెలుగా వత్తుతారు. ఒకటి పళ్లెంలో పరుస్తారు. పుల్లని ఆపిల్ పళ్లు తొక్క తీసి, పలుచగా కోసి, పంచదార, దాల్చినచెక్క పొడి, నిమ్మరసం, కొద్దిగా పిండి కలిపి అందులో నింపుతారు. పైన రెండవ రొట్టె కప్పి, అంచులు వ్రేళ్లతో నొక్కి, మధ్యలో చాకుతో నాలుగు గాట్లు పెడతారు. సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గంటసేపు కాలుస్తారు. గాట్లలోనుండి రసం బుడబుడమని పొంగితే కాలినట్లు గుర్తు.

ఇది అమెరికావారి సొంత వంటకమని పేరు. కాని 1390 ప్రాంతంలోనే ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ వంటవారు రాసి ఉంచిన వంటకాలలో ఇటువంటిది ఒకటి ఉంది. వలస వెళ్లినవారు దానిని సముద్రం దాటించారు. మనం తినే ఆపిల్ పండు అయితే మొదట మధ్య ఆసియా కొండలలో పుట్టినది.

మన దేశపు ఆపిల్‌కు కూడా ఒక కథ ఉంది. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా యువకుడు కుష్ఠురోగులకు సేవ చేయాలని 1904లో ఇండియాకు వచ్చాడు. సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916లో అమెరికా ఆపిల్ మొక్కలు తెప్పించి నాటాడు. తరువాతి కాలంలో ఆయన హిందూమతం స్వీకరించి సత్యానందుడని పేరు పెట్టుకున్నాడు. ఆ కొండ రైతులు ఆయనను చూసి తోటలు వేశారు. నేడు బెజవాడ పండ్ల అంగళ్లలో హిమాచల్ ఆపిల్ కొంటున్నామంటే, ఆ రోజు నాటిన మొక్కల ఫలం అందులో ఉన్నది.

మన కజ్జికాయ సంగతీ అంతే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటినుండి మనది వరి సీమ. గోధుమ మన చేలో పండదు, మైదా బయటనుండి రావలసిందే. కొబ్బరికి కోనసీమ ఉండనే ఉంది. తెలంగాణవారు దీనిని గరిజె అంటారు, మరాఠీవారు కరంజి అంటారు. గోవాలోని క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కు ఇరుగుపొరుగుకు పంచే పళ్లెంలో 'నెవ్రి' అనే పేరుతో ఉండేది దీని తోబుట్టువే. ఎక్కడిదైనా, నేర్పేవారి చేతినుండి నేర్చుకునేవారి చేతికి అందినంత కాలమే అది ఆ ఇంటిది. మా ఇంట ఆ వరుస నా దగ్గర తెగిపోయినది.

పెద్దమ్మ దగ్గర పాఠము

మా సంఘములో డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి ఉన్నారు. అందరం పెద్దమ్మ అని పిలుస్తాము. పూర్వం డిసెంబరు నెలలో ఈ పూట ఒకరింట, రేపు మరొకరింట అని వంతులు వేసుకుని ఆడవారంతా కలిసి పిండివంటలు చేసేవారు. అమ్మా, ఆమే ఒక పొయ్యి దగ్గరే కూర్చునేవారట. నవంబరులో ఒక సోమవారం మేమిద్దరం, పిల్లలతో సహా, కొబ్బరికాయలు, బెల్లం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాము.

"అయ్యగారూ, ప్రసంగం చేసే చేతులకు పిండి పని ఎందుకండీ?" అని ఆమె నవ్వింది.

"అమ్మ దగ్గర నేర్చుకోలేదు పెద్దమ్మా. నీ దగ్గరైనా నేర్చుకోనివ్వు" అన్నాను. ఆమె మరి నవ్వలేదు. పీట జరిపి చోటు చూపించింది.

అమ్మ కజ్జికాయల చెక్కను అటక మీదనుండి దింపి తీసుకువెళ్లాను. విప్పి చూస్తే ఒక రెక్క చెద తినేసింది. "అది లేకపోతే ఏమండీ, వ్రేళ్లు లేవా?" అని, పెద్దమ్మ అంచును బొటనవ్రేలితో నొక్కి, కొంచెం లాగి, మడిచి, మళ్లీ నొక్కుతూ తాడు పేనినట్లు అల్లి చూపించింది.

మొదటి వాయి నేనే పాడుచేశాను. సాయంత్రం ఒక ఇంట ప్రార్థన ఉందని తొందర. లౌజు ఇంకా గోరువెచ్చగా, తడిగా ఉండగానే నింపేశాను. అంచుకు నీళ్లు కూడా రాయలేదు. నూనెలో వేసిన నిమిషానికి రెండు కాయలు టప్పున విచ్చుకున్నాయి. బెల్లం నూనెలో కలిసి మాడి నల్లబడింది. నూనె చింది నా ముంజేతి మీద బొబ్బ లేచింది. ఆ నూనె అంతా పారబోయవలసి వచ్చింది.

"లౌజు ఆరకముందే మూట కట్టేశారు. లోపలి ఆవిరి ఊరుకుంటుందాండీ?" అన్నది పెద్దమ్మ.

అప్పుడు నాకు దొరసాని పెట్టిన చాకు గాట్లు గుర్తుకు వచ్చాయి. ఆపిల్ ముక్కలలో నీరు ఎక్కువ. కాలేటప్పుడు అది ఆవిరి అవుతుంది. బయటికి దారి లేకపోతే పైరొట్టెను ఎత్తి చీలుస్తుంది. అందుకు గాట్లు పెడతారు. కజ్జికాయ నూనెలో వేగేది, దానికి గాటు పెడితే నూనె లోపలికి పోతుంది. కనుక మన తల్లులు ముందే లౌజులోని తడిని పొయ్యి మీద ఇగిరించి, చల్లార్చి, అప్పుడు అంచు మూశారు.

పిండి విషయమూ ఇలాగే. వారు చల్లటి వెన్న కలుపుతారు, మనం కాగిన నెయ్యి పోస్తాము. రెండింటి పనీ ఒక్కటే. కొవ్వు పిండి రేణువులకు పట్టుకుంటే నీళ్లు కలిపినప్పుడు సాగుడు తగ్గి, కాలిన తరువాత గుల్లగా ఉంటుంది. ఎక్కువ పిసికితే సాగుడు పెరిగి రొట్టె గట్టిపడుతుంది. ముద్దను కాసేపు వదిలేస్తే ఆ బిగువు సడలి, వత్తేటప్పుడు వెనక్కు ముడుచుకోదు.

కావలసినవి (సుమారు 25 కాయలకు)

మైదా పావు కిలో, బొంబాయి రవ్వ 2 పెద్ద చెంచాలు, నెయ్యి 3 పెద్ద చెంచాలు, ఉప్పు చిటికెడు, పెద్ద కొబ్బరికాయ 1, బెల్లం తురుము 200 గ్రాములు, ఏలకులు 5, వేయించడానికి నూనె అర కిలో.

చేసే విధానము

మైదా, రవ్వ, ఉప్పు కలిపి, కాగిన నెయ్యి పోసి, గరిటెతో కలియబెట్టండి. వేడి తగ్గాక చేతితో బాగా రుద్దండి. పిడికిట పట్టి నొక్కితే పిండి ముద్దగా నిలవాలి. విడిపోతే ఇంకొక చెంచా నెయ్యి కావాలన్నమాట. తరువాత సుమారు అరగ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, పూరీ పిండిలాగా గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి.

ఈలోగా కొబ్బరి కోరి, బెల్లంతో కలిపి, మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద ఉడికించండి. మొదట నీరు వదులుతుంది, భయపడవద్దు. కలుపుతూ ఉంటే క్రమేణా దగ్గరపడి గిన్నె అంచు వదిలిపెడుతుంది. కొద్దిగా తీసి వ్రేళ్ల మధ్య ఉండ చేస్తే నిలవాలి. ఏలకుల పొడి కలిపి దించి, పళ్లెంలో పరచి పూర్తిగా చల్లారనివ్వండి. నావలె తొందరపడకండి.

పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, అప్పడాల కర్రతో పలుచని పూరీలుగా వత్తండి. ఒక సగంలో రెండు చిన్న చెంచాల లౌజు పెట్టి, అంచు చుట్టూ నీళ్లు రాసి, రెండవ సగం మడిచి, లోపలి గాలి పోయేటట్లు నొక్కి, అంచు అల్లండి. చేసినవాటిపై గుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే ఆరి బీటలు వారతాయి.

నూనె కాగిందో లేదో చూడడానికి చిన్న పిండి ముక్క వేయండి. అడుగుకు వెళ్లి మెల్లగా పైకి తేలాలి. వెంటనే ఎగిరివస్తే నూనె మరీ కాగినట్లు. అటువంటి నూనెలో పైన ఎర్రబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. సన్నని సెగ మీద నాలుగయిదు చొప్పున, చిల్లుల గరిటెతో తిరగవేస్తూ బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. చిన్నపిల్లలను మడిచే పనికి కూర్చోబెట్టండి గాని బాణలి దగ్గరకు రానివ్వకండి.

ఈ పచ్చి కొబ్బరివి మూడు నాలుగు రోజులలో తినేయాలి. రెండు వారాలు నిలవ ఉండాలంటే ఎండుకొబ్బరి, వేయించిన పుట్నాలపప్పు, దోరగా వేపిన రవ్వ, పంచదార పొడి కలిపి నింపుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు ఒకటి మాత్రమే పెట్టి, మిగిలినవి మనుమలకు పెట్టండి!

పళ్లెము తిరిగి వచ్చింది

ఆ రోజు మా అమ్మాయి ఒక నోటు పుస్తకములో అంతా రాసుకుంది. పెద్దమ్మ సోల, గిద్ద అని చెబుతుంటే, ఆ సోలెడు పిండిని మేము తక్కెడలో వేసి తూచి గ్రాములు రాసుకున్నాము. ఆ కాగితమే ఫొటో తీసి మేనకోడలికి పంపాము. క్రిస్మస్ ముందు రోజు ఆమె నలభై కాయలు చేసి, దొరసాని ఇచ్చిన పళ్లెములోనే పెట్టి పట్టుకువెళ్లిందట. మూడు విచ్చుకున్నాయట. "పరవాలేదమ్మా, నావి రెండు విచ్చుకున్నాయి" అన్నాను. దొరసాని ఒకటి తిని, రెండవది చేతిలో పట్టుకుని, అంచు అల్లిక ఎలా వేశావని అడిగిందట.

మా ఇంట్లో ఆ సంవత్సరం మా అబ్బాయి పూరీలు వత్తాడు, నేను మడిచాను. ఎప్పటిలాగే వీధిలోని అన్ని ఇళ్లకు పంచాము. సంక్రాంతికి ఆ పళ్లాలు అరిసెలతో తిరిగి వచ్చాయి. రుచి అమ్మ చేసినట్లు వచ్చిందా అంటే, రాలేదు. ఆమె ఏదో ఒకటి వేసేది, అది పెద్దమ్మకూ తెలియదు. ఆ ఒక్కటి అమ్మతోనే వెళ్లిపోయింది.

ప్రియమైన తల్లులారా, తండ్రులారా, మీ ఇంట పెద్దవారు ఇంకా పొయ్యి దగ్గర కూర్చోగలిగి ఉంటే, ఈ క్రిస్మస్‌కు మిఠాయి కొట్టుకు వెళ్లేముందు వారి పక్కన ఒక పూట పీట వేసుకుని కూర్చోండి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఒక నోటు పుస్తకము, ఒక పెన్ను దగ్గర ఉంచుకోండి. అడిగితే వారు సంతోషంగా చెబుతారు. మా అమ్మ కూడా చెప్పి ఉండేది. నేను అడగలేదు.